అరుగు మీద అగర్బత్తి

మొన్న క్యాతగానచెర్లులో ఒక కొత్త ఇంటికి ఏసీ బిగించడానికి పోయాను. వ్యాన్‌లోంచి పెట్టెలు దించి, డ్రిల్లు మిషను బయటికి తీసి, గోడకు ఎక్కడ రంధ్రం కొట్టాలా అని చూస్తున్నాను. ఇంటాయన లోపలి నుంచి పళ్లెం పట్టుకొని వచ్చాడు. అందులో ఒక టెంకాయ, రెండు అరటిపళ్లు, ఒక అగర్బత్తి కట్ట ఉన్నాయి.

"ఇదేందన్నా?" అన్నాను.

"బయటి పెట్టె, ఆ ఔట్‌డోర్, బిగించేముందర అగర్బత్తి ముట్టించల్ల కదప్పా. మా ఊర్లో అందరూ అట్లే చేస్తారు."

"ఎవురు చెప్పినారు?"

"ఒకరు చెప్పేదేంది? ముందర మీ అంగడి నుంచి ఒక మెకానిక్కన్న వస్తాండె కదా. ఆయప్ప అగర్బత్తి ముట్టించకుండా మిషను మీద చెయ్యి పెట్టింది ఎవురూ సూడలేదు. ఆయప్ప పూజ చేసిన మిషన్లు ఇంగా నడుస్తాండాయి." పళ్లెం నా చేతిలో పెడుతూ అన్నాడు. "పాపం, పోయినాడంట కదా. పోయిన నెలలో. నీకు తెలీదా?"

నాకు తెలీదు. పోయిన నెలంతా నేను పావగడలో అంగడిలోనే ఉన్నాను. ఆయన ఊరు నిడుగల్లు నుంచి బస్సులు రోజూ వస్తూనే ఉన్నాయి. ఎవరో ఒకరు దిగి వచ్చి నాకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదంటే, నాకూ ఆయనకూ సంబంధం తెగిపోయిందని అనుకొని ఉంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

అగర్బత్తి వెలిగించాను. ఇంటాయన కళ్లు మూసుకొని చేతులు జోడించాడు. అది పూజ కాదని నేను ఆయనకు చెప్పలేదు.

ఆ మెకానిక్కు దేవుడికి దండం పెట్టడం నేనైతే చూడలేదు. గుడి ముందు నుంచి పోతున్నా చెప్పులు విప్పేవాడు కాదు. పక్కింటి అరుగు ఎక్కేటప్పుడు మాత్రం విప్పేవాడు.

ఎవరింట్లో ఏసీ బిగించాలన్నా ఆయన ముందు ఆ ఇంట్లోకి పోడు. పక్కింటికి పోతాడు. "కొంచేపు ఈడ కూసుంటానమ్మా" అని అడిగి అరుగు మీద చతికిలబడతాడు. జేబులోంచి ఒక అగర్బత్తి తీసి వెలిగించి, అరుగు బండల సందులో గుచ్చుతాడు. ఇక మాట్లాడడు. పొగ ఎటు వంగుతోందో, గోడకు తగిలి ఎటు తిరుగుతోందో చూస్తూ పావుగంట కూర్చుంటాడు. పొగ వంకతో ఆ ఇంటినంతా చూస్తాడు. నీడ ఎప్పుడు పడుతుంది, మంచం ఎక్కడ వేస్తారు, పొయ్యి ఏ మూల ఉంది, ముసలివాళ్లు ఎటు తల పెట్టి పడుకుంటారు. అవన్నీ తెలిశాక లేచి, ఒళ్లు దులుపుకొని, అప్పుడు ఏసీ కొన్న ఇంటికి వస్తాడు.

మొదటిసారి అది చూసినప్పుడు నేను వ్యాన్ పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాను.

"అన్నా, ఏసీ ఈ ఇంటికి. ఆ ఇంటికి కాదు," అన్నాను.

"సల్లగాలి ఈ ఇంటికి సావుకారీ. వేడిగాలి ఎవురింటికి?" అన్నాడు, పొగ మీద నుంచి చూపు తిప్పకుండానే.

నన్ను సావుకారీ అని పిలవడం ఆయన ఎగతాళి. నా అంగడి అప్పటికి పన్నెండు అడుగుల వెడల్పు. ఫ్యాన్లు, మిక్సీలు అమ్మేవాణ్ణి. సోలార్ పార్కు వచ్చి, పలకల కిందికి పోయిన పొలాలకు లీజు రావడం మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెల్లో మిద్దెలు లేచాయి. మిద్దె వేసినవాళ్లకు మొదటి ఎండాకాలంలోనే అందులో ఉండలేమని తెలిసింది. ఏసీలు అడగడం మొదలుపెట్టారు. అమ్మడం నాకు చేతనయింది, బిగించడం రాదు. అప్పుడు దొరికాడు ఆయన. బెంగళూరులో చాలాకాలం ఫ్రిజ్జులు, ఏసీలు చేసి, మోకాళ్లు అరిగిపోయి నిడుగల్లుకు తిరిగి వచ్చి, అన్న గొర్రెలను చూసుకుంటున్నాడు. మనిషి సన్నం. చెవులు పెద్దవి. మెడ మీద ఎప్పుడూ ఒక తడి తువ్వాల. ఏసీ అంగడిలో పని చేస్తూ ఏసీ కింద ఒక్కనాడు కూర్చోలేదు. "గొర్రెలకు నా వాసన మారిపోతాదప్పా," అనేవాడు.

ఆ యంత్రం గురించి ఆయన చెప్పినట్లు నాకు ఇంకెవరూ చెప్పలేదు. "ఇది చలవ పుట్టించదు సావుకారీ. అది అబద్ధం. లోపలుండే వేడిని తోడి బయట పారబోస్తాది, అంతే. బాయిలో నీళ్లు తోడినట్ల. తోడేటోడు నీళ్లు యాడ పోస్తాండాడో సూసుకోవల్ల కదా. పోయి పక్కింటోళ్ల పొయ్యిలో పోస్తే?"

కొనేవాళ్లందరూ లోపలి పెట్టె చుట్టూ చేరేవాళ్లు. దాని తెలుపు, దాని మీద వెలిగే అంకెలు, రిమోటు. బయటి పెట్టెను ఎవరూ చూసేవాళ్లు కాదు, దాన్ని ఏ మూల దాచాలా అనే ఆలోచనే. ఆయన దృష్టంతా బయటి పెట్టె మీదే. "లోపలుండేది పెండ్లికూతురు. అందరూ దాన్నే సూస్తారు. బయటుండేది వంటమనిషి. చెమటోడ్చి వండేది ఇది. దీనికి గాలాడకపోతే మీకు పెండ్లి భోజనం యాడిది?" అనేవాడు. స్టాండు మీద పెట్టెను ఎక్కించేటప్పుడు దాంతో మాట్లాడేవాడు కూడా. "జరుగు తల్లీ, ఇంగొంచెం. ఆ, కూసో." నాలుగు కాళ్ల కింద రబ్బరు ముక్కలు వేసి, బోల్టులు బిగించి, వాలు లేకుండా ఉందా అని రసమట్టం పెట్టి చూసి, అంతా సరిగ్గా ఉన్నా ఒకసారి అరచేత్తో పెట్టెను ఊపి చూసేవాడు. పళ్లూడిపోయే వయసులో పిల్లల పన్ను ఊపి చూసినట్లుండేది.

రాగి పైపులు కలిపిన చోట గ్యాసు కారుతోందేమో చూడడానికి అందరూ సబ్బునీళ్లు పూస్తారు. ఆయన కుంకుడుకాయ నురగ తెచ్చేవాడు, ఒక మందుసీసాలో. వాళ్లావిడ తలంటు రోజున కొట్టి ఇచ్చేదట. "సబ్బు బుడగ తొందరగా పగిలిపోతాది. కుంకుడు నురగ నిలబడి నిజం చెప్తాది," అనేవాడు. పని అయిపోయాక, మిషను నడుస్తుండగా, బయటికి వచ్చే గాలికి చేతి వెనకభాగం అడ్డం పెట్టేవాడు. జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద తల్లి చెయ్యి పెట్టినట్లు. అప్పుడు తల ఒక పక్కకు వంచి, కళ్లు సగం మూసి, లోపల ఏదో మాట కోసం ఎదురుచూస్తున్నట్లు నిలబడేవాడు. మిషను సరిగ్గా ఉంటే తల నిలువుగా వచ్చేది. లేకుంటే అట్లే వంగి ఉండేది. అది ఏం చెప్పాలో చెప్పేదాకా ఆయన తొందరపెట్టేవాడు కాదు.

మా జనం ఆ బయటి పెట్టెకు చేసిన మర్యాదలు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయుధపూజకు బంతిపూల దండ దాని మొహానికే కట్టేవాళ్లు. తెల్లారేసరికి దండ ఫ్యాన్‌లో చిక్కుకొని పూలన్నీ పొడి పొడి. దిష్టి తగలకుండా దాని ముందర బూడిదగుమ్మడికాయ వేలాడదీసిన ఇల్లు ఒకటుండేది. ఎండకు కాలుతోందని జాలిపడి దుప్పటి కప్పినవాళ్లు కూడా ఉన్నారు. అది ఊపిరాడక ఆగిపోతే, "మేము బాగా సూసుకుంటిమి కదన్నా," అని ఏడుపుమొహాలు పెట్టేవాళ్లు. ఆయన ఎవరినీ కోప్పడేవాడు కాదు. దుప్పటి మడతపెట్టి వాళ్ల చేతికిచ్చి, "దీన్ని కప్పొద్దండమ్మా, దీనికి సిగ్గు లేదు," అనేవాడు. చలికాలంలో ఒక ఇంటివాళ్లు గది ఎలాగూ చల్లగానే ఉంది, ఏసీ పీకెయ్యమంటే, ఆయన పోయి చూసి వచ్చి, మీ ఔట్‌డోర్ కింద నాలుగు గొర్రెపిల్లలు పండుకొనుండాయి, నడపకపోయినా దాని స్టాండు నీడ వాటికి అలవాటయింది, పీకొద్దండి అని చెప్పాడు.

ఊళ్లల్లో నా అంగడికి ఫోను చేసేవాళ్లు మొదట ధర అడిగేవాళ్లు కాదు. "ఆయప్ప వస్తాడా?" అని అడిగేవాళ్లు. వస్తాడంటేనే తక్కిన మాట. మొదట్లో అది నాకు గర్వంగా ఉండేది. మెల్లగా, ఎప్పుడో తెలీకుండా, గర్వం పోయి ఇంకేదో వచ్చింది. అంగడి మీద పేరు నాది. అడిగేది ఆయన్ను. పెట్టె అమ్మింది నేను. మజ్జిగ గ్లాసు ముందు ఆయన చేతికి ఇచ్చేవాళ్లు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగిందానికంతటికీ మూలం ఇదే.

ఇదే క్యాతగానచెర్లులో అన్నదమ్ములిద్దరి ఇండ్లు పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో ఎద్దులబండి పట్టేంత సందు. తమ్ముడిది కొత్త మిద్దె, ముందర గోడకు మెరిసే టైల్స్. అన్నది పాత ఇల్లు, దాని అరుగు సందులోకి ఉంటుంది. వాళ్ల తల్లి పెద్దకొడుకు దగ్గరే ఉంటుంది. ఇద్దరి పొలమూ పలకల కిందికి పోయింది. పొలం పోయాక పెద్దకోడలికి పగటిపూట పని లేకుండా పోయింది. అరసికెరెలోని పుట్టింటి నుంచి శెనిక్కాయలు తెప్పించుకొని అరుగు మీద కూర్చొని వలిచేది. ఆమె పక్కనే చాప మీద అవ్వ పడుకునేది. మధ్యాహ్నం తర్వాత కొత్త మిద్దె నీడ సరిగ్గా ఆ అరుగు మీద పడుతుంది. ఊరి చుట్టూ పలకలు తళతళలాడే ఆ ఎండలో ఆ ఇంటికి ఉన్న చలవ అదొక్కటే.

తమ్ముడు మా దగ్గర ఏసీ కొన్నాడు. చోటు చూడడానికి నేనూ ఆయనా పోయాం.

"ముందర గోడ మీద వద్దు, టైల్స్ పాడవతాయి," అన్నాడు తమ్ముడు. "ఈ సందులో కొట్టేయండి."

ఆయన చెప్పులు విప్పి అన్న ఇంటి అరుగెక్కాడు. అగర్బత్తి వెలిగించి బండల సందులో గుచ్చాడు. అవ్వ చాప మీద నుంచి తలెత్తి చూసింది.

"ఎవురికి నాయనా తిథి పెడతాండావు? నేనింగా బతికే ఉండాను."

"నీకు కాదులేవ్వా. నువ్వు ఎటు తల పెట్టి పండుకుంటావో చెప్పు."

"ఎండ ఎటు లేకుంటే అటు."

పెద్దకోడలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. పావుగంట తర్వాత లేచి తమ్ముడి దగ్గరికి వచ్చి చెప్పాడు.

"ఈడ పెట్టేది కాదప్పా. మిద్దె మీద పెడదాం. పైపు కొంచెం పొడుగు పడతాది."

"అమ్మ లోపల పండుకుంటాది లేన్నా."

"నీ గదిలోని వేడి తీసి మీయమ్మ మొగాన పొయ్యమంటావు. నేను పొయ్యను." గొంతు పెంచకుండానే అన్నాడు. మళ్లీ అరుగు దగ్గరికి పోయి పెద్దకోడలితో, "భయపడొద్దు తల్లీ. ఈడ పెట్టను. మాటిస్తాండాను," అన్నాడు.

ఆ మరుసటి రోజు ఆయన చెల్లెలి ఊళ్లో జాతరకు పోయాడు. మూడు రోజులు రానన్నాడు. రెండో రోజు తమ్ముడు నాకు ఫోను చేశాడు. బిడ్డకు పేరు పెట్టడానికి అత్తగారివాళ్లు వస్తున్నారు, ఏసీ వెంటనే కావాలి.

"ఆయప్ప రానీప్పా, రెండు దినాలే కదా," అన్నాను.

"అంతా ఆయప్పేనా? అంగడి నీదా, ఆయప్పదా? ఇన్ని దినాలు పక్కనే నిలబడి సూస్తివే, నీకు చేతగాదా?"

ఆయన పైకి పెట్టమన్నాడని చెప్పొచ్చు. పైపు పొడుగు కావాలని చెప్పొచ్చు. చెప్పలేదు. వ్యాన్ ఎక్కాను.

నేను పోయేసరికి అన్న ఇంటికి తాళం. అందరూ అరసికెరెకు పెండ్లికి పోయారట. ఖాళీ అరుగు చూసి నాకు సంతోషమయింది. ఆ సంతోషాన్ని నేను మరిచిపోలేదు. అగర్బత్తి నా జేబులో లేదు. ఉన్నా వెలిగించేవాణ్ణి కాదు. ఆ పావుగంట నాకు ఎప్పుడూ పిచ్చిపనిగానే అనిపించేది. రెండు గంటల్లో పెట్టెను సందులోని గోడకు బిగించాను. అరుగుకు ఎదురుగా, నిలబడిన మనిషి తలెత్తున. పని అయ్యాక తమ్ముడు, "సూడు, ఎంత సులభంగా అయిపోయిందో," అన్నాడు. మజ్జిగ గ్లాసు నా చేతికిచ్చాడు. తాగాను.

పెండ్లి నుంచి తిరిగి వచ్చాక అవ్వ మూడు రోజులు ఆ వేడిగాలిలోనే పడుకుంది. చిన్నకొడుకు ఇంట్లో చుట్టాలున్నారు, మిషను ఆపమంటే బాగుండదని ఎవరికీ చెప్పలేదట. నాలుగో రోజు అరుగు దిగబోతూ కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రిలో రెండు రోజులుంచి పంపించారు. ప్రాణానికి ఏమీ కాలేదు.

పెద్దకొడుకు నాకు ఫోను చేసి, వచ్చి దాన్ని పీకెయ్యమన్నాడు. అప్పటికే జాతర నుంచి వచ్చేసిన ఆయన్ను వ్యాన్‌లో ఎక్కించుకొని పోయాను. అంతదాకా దాచి, దారిలో చెప్పాను, సందులోనే పెట్టేశానని. ఆయన కొంతసేపు బయట పలకల వైపు చూశాడు. "ఎంత ఎత్తులో పెట్టినావు?" అన్నాడు. చెప్పాను. "ఆ ఎత్తులో అయితే గాలి గోడకు కొట్టుకొని కిందికి దిగుతాది. పండుకున్న మనిషి మీదికే," అన్నాడు.

సందులో జనం చేరి ఉన్నారు. అరుగు మీద చాప ఖాళీగా ఉంది. అవ్వను లోపల పడుకోబెట్టారు. పెద్దకొడుకు పెట్టెను చూపించి అడిగాడు.

"ఎవురు పెట్టింది దీన్ని ఈడ?"

తమ్ముడు నా వైపు చూసి తల దించుకున్నాడు. నేనే పెట్టానని చెప్పడానికి రెండు మాటలు చాలు. నేను వేరే రెండు మాటలు చెప్పాను.

"మా మెకానిక్కు."

ఆయన నా వెనకే ఉన్నాడు, భుజం మీద నిచ్చెనతో. పెద్దకోడలు వాకిట్లోంచి ముందుకు వచ్చింది. నన్ను కాదు, ఆయన్నే చూస్తోంది.

"పెట్టనని మాటిస్తివి కదన్నా."

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. తల ఒక పక్కకు వంచి, కళ్లు సగం మూసి చూశాడు. మిషను ముందు చెయ్యి అడ్డం పెట్టినప్పటి చూపు అది. నేను ఏదో ఒకటి చెప్తానని ఎదురుచూస్తున్నాడు. తొందరపెట్టలేదు. నేను నేల చూశాను.

"తప్పయిపోయింది తల్లీ," అన్నాడు ఆయన. "తీసేస్తాము."

"నీ మాటకు ఇంతేనా విలువ?" అన్నాడు పెద్దకొడుకు. "ఈ పనైపోనీ. మళ్లా మా ఊర్లో ఎవురి గడపా తొక్కొద్దు."

ఆయన నిచ్చెన దించి గోడకు ఆనించాడు. చెప్పులు విప్పాడు. అరుగెక్కి, ఖాళీ చాప పక్కన కూర్చొని, అగర్బత్తి వెలిగించాడు.

"ఇప్పుడెందుకప్పా ఈ నాటకం?"

"మళ్లీ తప్పు జరగకూడదని," అన్నాడు.

అంతమంది తిడుతుండగా పావుగంట అక్కడే కూర్చున్నాడు. తర్వాత పెట్టెను దించి, ఆ అరిగిన మోకాళ్లతో నిచ్చెన మెట్లు ఎన్నిసార్లు ఎక్కాడో దిగాడో, మిద్దె మీద మూలన గాలి ఆకాశంలోకి పోయేటట్లు బిగించాడు. సందు గోడలో నేను కొట్టిన రంధ్రాలు సిమెంటుతో పూడ్చి, తడి తువ్వాలతో తుడిచాడు.

పని అయ్యాక ఇద్దరమూ వ్యాన్‌లో తిరిగి బయలుదేరాం. నిడుగల్లు దారి దగ్గర దిగి, తలుపు పట్టుకొని అన్నాడు. "బోల్టులు నాలుగూ బాగా బిగించినావు సావుకారీ. ఊడదీసేదానికి నాకే కష్టమయింది. నీ చెయ్యి గట్టిదే." ఎగతాళి కాదది. నిజంగానే మెచ్చుకున్నాడు. తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టేవాణ్ణి, ఇంటికి పోయి నిద్రపోయేవాణ్ణి.

ఆ ఎండాకాలం అయ్యేదాకా తక్కిన ఊళ్లల్లో పనిచేశాడు. వానలు పడ్డాక మోకాళ్లు సాగడం లేదన్నాడు. నేను సరే అన్నాను. ఉండమని అడగలేదు. నాకు హాయిగా కూడా అనిపించింది, ఆ చూపు ముందు ఇక నిలబడనక్కర్లేదని.

తర్వాత ఒక్కసారే కనిపించాడు. నిడుగల్లు కొండ కింద రోడ్డుకు అడ్డంగా గొర్రెలు. వాటి వెనక ఆయన, మెడ మీద అదే తువ్వాల. నా వ్యాన్ గుర్తుపట్టి చేతికర్ర ఎత్తాడు. గొర్రెలు దాటేదాకా నేను ఎలాగూ ఆగాలి. ఇంజను మాత్రం ఆపలేదు. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, ఆ చప్పుడులోనే గట్టిగా చెప్పాడు. "క్యాతగానచెర్లు పోతే ఆ మిద్దె మీది మిషను ఎడమ కాలు రబ్బరు సూడప్పా. అరిగుంటాది." ఇంకేదైనా ఉందా అన్నట్లు కొంచెంసేపు అక్కడే ఉన్నాడు. గొర్రెలు దాటిపోయాయి. నేను తల ఊపి గేరు వేశాను.

ఆ రబ్బరు నేను చూడలేదు. ఆ సందులోకి పోవాలంటే భయం.

మొన్న ఆ కొత్త ఇంటి దగ్గర వెలిగించిన అగర్బత్తి పొగ పక్కింటి వంటింటి కిటికీ వైపు వంగింది. నేను వేరే గోడకు మార్చాను. పని ముగించి, మిగిలిన అగర్బత్తులు జేబులో వేసుకొని, రెండు వీధులు నడిచి ఆ సందులోకి పోయాను.

పెద్దకోడలు అరుగు మీద శెనిక్కాయలు వలుస్తోంది. జుట్టు నెరిసింది. పక్కనే చాప మీద అవ్వ ఉంది, ఇంకా చిన్నదైపోయి, అటు తిరిగి పడుకొని. మిద్దె నీడ వాళ్ల మీద ఉంది.

నేను అరుగు ముందు నిలబడి చెప్పాను. ఆ రోజు సందులో మిషను పెట్టింది నేను, ఆయన కాదు, ఆయన వద్దన్నాడు, మీరు పెండ్లికి పోయినప్పుడు నేనే వచ్చి పెట్టాను, అందరి ముందూ అబద్ధం చెప్పాను అని. వ్యాన్ దగ్గర నుంచి నడుస్తూ మనసులో చాలా అనుకున్నాను. నోటికి వచ్చింది ఇంతే.

ఆమె చేతిలోని కాయ వలిచి పప్పు చేటలో వేసింది.

"తెలుసునన్నా," అంది.

"ఎప్పటి నుంచి?"

"ఆ పొద్దు నుంచే. పీకేదానికి వచ్చినాయప్ప అంతమంది తిడతాంటే ఈడ కూసొని పొగ సూసినాడు. తీసేటప్పుడే అంత సూసినాయప్ప, పెట్టేటప్పుడు సూడకుండా పెడతాడా? రాత్రి మా మరిదిని అడిగితి. తల దించుకొన్నాడు. తెల్లారి మా ఇంటాయనా నేనూ నిడుగల్లుకు పోతిమి, అనకూడని మాటలంటిమే అని."

"ఆయనేమన్నాడు?"

"ఆయప్పా? కూసోబెట్టి మజ్జిగిచ్చినాడు. మీ సావుకారిని మేము అడుగుతామంటే వద్దన్నాడు. 'ఆయప్పే వచ్చి చెప్తాడు తల్లీ. మీరు అడిగి చెప్పిస్తే అది మీ మాటయితాది, ఆయప్ప మాట కాదు. ఉండండి,' అన్నాడు. ఊర్లో అందరికీ అదే చెప్తిమి. ఎవురూ నిన్ను అడగలేదు కదా?"

అడగలేదు. ఇన్నేళ్లుగా ఈ ఊరికి వచ్చి ఫ్యాన్లు అమ్మాను, మిక్సీలు అమ్మాను, ఏసీలు బిగించాను. అందరికీ తెలుసు. అందరూ నాకు నీళ్లిచ్చారు, నవ్వి పలకరించారు. తొందరపెట్టకుండా ఎదురుచూశారు, ఆయన చెప్పాడని.

"పోయిన యేడు కూడా శెనిక్కాయలు పట్టుకొని పోయింటి ఆయప్ప ఇంటికి," అంది ఆమె. "వచ్చి చెప్పినాడా తల్లీ అని అడిగినాడు. ఇంగా లేదన్నా అంటి. రానీలే అన్నాడు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. "ఆయప్ప ఉండంగా వచ్చింటే బాగుండు."

జేబులోంచి అగర్బత్తి తీశాను. చెప్పులు విప్పి, వెలిగించి, అరుగు బండల మధ్య ఆయన గుచ్చిన సందులోనే గుచ్చాను. వాసనకు అవ్వ కదిలింది. ఇటు తిరిగి, కళ్లు చికిలించి చూసింది.

"ఎవురికి నాయనా తిథి పెడతాండావు?"

పెద్దకోడలు ఆమె చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది. "ఆ మెకానిక్కన్నకు అత్తా."

అవ్వ కొంచెంసేపు పొగను చూసింది. తర్వాత మెల్లగా కాళ్లు ముడుచుకొని, చాప అంచున చోటు చేసింది.

"అయితే కూసోమను," అంది. "పావుగంట కూసోవల్ల కదా."

కూర్చున్నాను. పైన మిద్దె మీద మిషను నడుస్తోంది. ఒక కాలు రబ్బరు అరిగిన చప్పుడు సన్నగా వినిపిస్తోంది. అరుగు మీద మాత్రం వేడిగాలి లేదు. పొగ ఎటూ వంగకుండా నిలువుగా పైకి పోతోంది.